మీ కారు, మా జవాబు: ఇరవై ఏళ్లు దాటిన సిటీ వీటెక్‌ను ట్రాక్ మీదికి తీసుకెళ్లే ముందు

ప్రశ్న: నా దగ్గర 2002లో రిజిస్టరైన హోండా సిటీ 1.5 వీటెక్ ఉంది. మా బాబాయి గారు ముచ్చటపడి కొనుక్కున్న కారు. ఆయన నడపడం మానేశాక నాకిచ్చారు. ఇప్పటికి 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. రోజూ ఆఫీసుకు దీనిలోనే వెళ్తాను. ఏడాదికి మూడు నాలుగు సార్లు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు, వీలైతే కోయంబత్తూరుకు కూడా తీసుకెళ్లి ఔత్సాహికుల టైమ్ అటాక్ (ల్యాపు సమయాన్ని కొలిచే) పోటీల్లో నడపాలని నా కోరిక. అందుకు మూడు లక్షల రూపాయలు పక్కన పెట్టుకున్నాను. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ స్ప్రింగులు కోయించి, హెడర్ (ఇంజిన్ నుంచి పొగను బయటికి తెచ్చే గొట్టాలు), పొగను అడ్డం లేకుండా వదిలే ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేయిస్తే చాలన్నారు. ఇంకొకరు ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో పంపే టర్బో పెట్టించమంటున్నారు. ఏది ముందు చేయించాలి? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: ఆ రెండు సలహాలనూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీ దగ్గరున్నది మన దేశంలో తయారైన పెట్రోలు కార్లలో ఎంతో ఇష్టంగా దాచుకోదగిన కారు. దాని ఇంజిన్ కొత్తలో 106 హార్స్‌పవర్ ఇచ్చేది, బండి బరువు టన్నుకు అటూ ఇటూగా ఉండేది. ఆ 106లో ఇప్పుడు ఎన్ని మిగిలి ఉన్నాయో తెలుసుకోకుండా దానికి ఇంకో ఐదో పదో కలపాలనుకోవడం సరైన వరుస కాదు.

కాబట్టి మొదట సిలిండర్లలో ఒత్తిడిని కొలిచే కంప్రెషన్ పరీక్ష చేయించండి. ఇంజిన్ వేడి మీద ఉండగా నాలుగు సిలిండర్లనూ కొలిచినప్పుడు అత్యధికానికీ అత్యల్పానికీ మధ్య తేడా పది పదిహేను శాతం లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. ఏదైనా సిలిండర్ బాగా తక్కువ చూపిస్తే అందులో ఒక చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలవమనండి. రీడింగు పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే వాల్వుల వైపు చూడాలన్నట్టు. తరువాత వాల్వులను పిస్టన్లతో లయ తప్పకుండా నడిపించే టైమింగ్ బెల్టు సంగతి. ఈ ఇంజిన్‌లో ఉన్నది చైన్ కాదు, బెల్టు. అది తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజిన్ విప్పక తప్పని పరిస్థితి వస్తుంది. ఎప్పుడు మార్చారో బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని, బెల్టును బిగువుగా ఉంచే టెన్షనర్, వాటర్ పంపుతో సహా మార్పించండి. వాల్వు క్లియరెన్సు (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య సందు) కూడా ఈ ఇంజిన్‌లో చేత్తో సరిచేయవలసిందే కనుక ఆ పని కూడా అప్పుడే ముగించుకోవడం మేలు.

ఇంజిన్ వేగాన్ని బట్టి వాల్వులు తెరుచుకునే తీరును మార్చే వీటెక్ గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే చాలామంది పాత సిటీల యజమానులు అది పనిచేయడం మానేసిన విషయమే గమనించరు. తక్కువ వేగంలో వాల్వులను నడిపే కామ్ లోబ్ (తిరిగే కడ్డీ మీది ఉబ్బు) ఒకటి, ఎక్కువ వేగంలో నడిపే పెద్ద లోబ్ ఇంకొకటి. ఇంజిన్ వేగం పుంజుకున్నాక ఆయిల్ ఒత్తిడి ఒక చిన్న పిన్నును తోసి, వాల్వులను నొక్కే రాకర్ ఆర్మ్‌లను కలిపేస్తుంది, అప్పటినుంచి పెద్ద లోబ్ పని మొదలవుతుంది. అంటే ఇదంతా ఆయిల్ మీద ఆధారపడిన వ్యవహారం. ఆయిల్ మట్టం తగ్గినా, ఆ ఆయిల్‌ను వదిలే సాలినాయిడ్ (విద్యుత్ కవాటం) దగ్గరున్న సన్నని జల్లెడ మడ్డితో మూసుకుపోయినా పెద్ద లోబ్ నిద్రలోనే ఉండిపోతుంది, మీరు మాత్రం కారు ముసలిదైపోయిందని అనుకుంటారు. ఆ జల్లెడ శుభ్రం చేసి కొత్త గ్యాస్కెట్ వేయడానికి అయ్యే ఖర్చు హెడర్ ఖర్చుతో పోలిస్తే లెక్కలోకి రాదు. ట్రాక్ మీద పొడవైన మలుపుల్లో ఆయిల్ ఇంజిన్ అడుగున ఉన్న సంప్ తొట్టెలో ఒక పక్కకు జరిగిపోతుంది కాబట్టి ప్రతి సెషనుకు ముందు డిప్‌స్టిక్ పై గీత దాకా ఆయిల్ ఉందో లేదో చూసుకోవడం అలవాటు చేసుకోండి.

మన గ్యారేజీల్లో ఇంకో అలవాటు ఉంది. ఇంజిన్ వేడెక్కుతోందనగానే వేడిని బట్టి కూలెంట్ ప్రవాహాన్ని తెరిచి మూసే థర్మోస్టాట్‌ను పీకి పారేస్తారు. దానివల్ల ఇంజిన్ రోడ్డు మీద ఉండవలసిన వేడికి చేరదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, అరుగుదల పెరుగుతుంది. అసలు జబ్బైన రేడియేటర్ పూడికో, బలహీనమైన ఫ్యానో అలాగే ఉండిపోతుంది. మీ కారులో థర్మోస్టాట్ ఉందో లేదో విప్పి చూడమనండి, లేకపోతే వేయించండి. రేడియేటర్‌లో కుళాయి నీళ్లు కాకుండా సరైన పాళ్లలో కలిపిన కూలెంట్ ఉండాలి.

మీరు విజయవాడ వారు కనుక అడుగుతున్నాను: 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చినప్పుడు ఈ కారు ఎక్కడుంది? నీళ్లలో ఉన్నట్లయితే సీట్లు తీయించి కార్పెట్ కింద తుప్పును, సీటు బోల్టులను, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) కనెక్టర్లలో పట్టిన పచ్చటి చిలుమును చూడకుండా ట్రాక్ మాట తలపెట్టవద్దు. వరదలో లేకపోయినా ఇన్నేళ్ల కారుకు జాకీ పెట్టే చోట్లు, సస్పెన్షన్ బిగించే చోట్లు తప్పక చూడాలి.

ఇక బ్రేకులు. నా జవాబులో నేను అన్నిటికంటే గట్టిగా చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. కారూ డ్రైవరూ కలిపి 1,100 కిలోలు అనుకుందాం. గంటకు 120 కిలోమీటర్ల వేగం నుంచి 60కి తగ్గించినప్పుడు బ్రేకులు మింగవలసిన శక్తి సుమారు 458 కిలోజౌళ్లు. ఒక లీటరు మంచునీటిని మరిగే దాకా కాయడానికి ఇంతకంటే తక్కువే సరిపోతుంది. అంత వేడి రెండు మూడు సెకన్లలో పుడుతుంది, మళ్లీ తరువాతి మలుపు దగ్గర అంత, ఆ తరువాత మళ్లీ అంత. ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ల్యాపులో పన్నెండు మలుపులున్నాయి, పైన చెన్నై ఎండ ఉండనే ఉంది. ఆ ట్రాక్ మీద మొదటిసారి ఒక పాత మారుతీ ఎస్టీమ్ నడిపిన రోజున నాలుగో ల్యాపులో నా కాలి కింద బ్రేకు పెడలు మెత్తబడి నేల దాకా దిగిపోయింది. ప్యాడ్లు కొత్తవి, డిస్కులు కొత్తవి. ఫ్లూయిడ్ మార్చినట్టు గ్యారేజీ బిల్లులో రాసి ఉంది కానీ పై డబ్బాలో కాస్త పోసి వదిలేశారని తరువాత తెలిసింది. మలుపు బయట ఖాళీ స్థలం ఉండబట్టి ఈ జవాబు రాయగలుగుతున్నాను.

బ్రేకు ఫ్లూయిడ్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టాక అదే 155 డిగ్రీలకు పడిపోతుంది. మరిగితే ఆవిరి బుడగలు పుడతాయి, ద్రవంలా కాకుండా ఆవిరి నొక్కితే నలిగిపోతుంది, పెడలు కిందికి పోతుంది. అందుచేత పాత ఫ్లూయిడ్ మొత్తం బయటికి తోయించి డాట్ 4 గానీ డాట్ 5.1 గానీ నింపించండి, దగ్గరుండి చూడండి. పేరు దగ్గరగా ఉన్నా డాట్ 5 అనేది సిలికాన్ రకం, అది మీ కారుకు పనికిరాదు. ఇరవై ఏళ్ల రబ్బరు బ్రేకు గొట్టాలు నొక్కినప్పుడు ఉబ్బుతాయి, వాటిని మార్చండి. ముందు చక్రాలకు వేడిని తట్టుకునే మంచి ప్యాడ్లు వేయించండి. అయితే పూర్తి రేసింగ్ ప్యాడ్లు వద్దు, అవి చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు, ఉదయం బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర మీకు అవసరమయ్యేది చల్లటి బ్రేకే. వెనక డ్రమ్ములను డిస్కులుగా మార్చాలన్న ఆలోచన మానుకోండి, ఎందుకంటే ఇంత తేలికైన ముందు చక్రాల బండిలో ఆపే పనిలో అధిక భాగం ముందు డిస్కులదే.

స్ప్రింగులు కోయించడం గురించి. ఒక చుట్టు కోసేస్తే స్ప్రింగు పొట్టిదవడమే కాదు, గట్టిపడుతుంది కూడా. పాత షాక్ అబ్జార్బర్ ఆ గట్టిదనాన్ని అదుపు చేయలేదు. కోసిన కొన తన గూటిలో సరిగా కూర్చోదు, చక్రం గాలిలోకి లేచినప్పుడు స్ప్రింగు చోటు తప్పే ప్రమాదం ఉంది. కదలడానికి చోటు మిగలక మలుపు మధ్యలో బంప్ స్టాప్ (సస్పెన్షన్ కదలికను ఆపే రబ్బరు దిమ్మ) మీద పడితే టైరు పట్టు ఒక్కసారిగా తప్పుతుంది. మన స్పీడ్ బ్రేకర్ల మీద ఆయిల్ సంప్ గతి వేరే చెప్పనక్కర్లేదు. దానికి బదులు నాలుగు కొత్త షాక్ అబ్జార్బర్లు, లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, స్టీరింగ్ రాడ్ ఎండ్‌లు, ఇంజిన్ మౌంట్లు మార్పించి, చివర వీల్ అలైన్‌మెంట్ చేయించండి. మీరు ఇంతవరకు నడిపిన సిటీ, ఈ పనంతా అయ్యాక నడిపే సిటీ ఒకటేనా అని మీకే సందేహం వస్తుంది.

టైర్లలో పొదుపు చేయవద్దు. ముందు చక్రాలతో నడిచే బండిలో తిప్పడం, ఎక్కువగా ఆపడం, లాగడం అన్నీ ముందు రెండు టైర్లే చేయాలి. మంచి కంపెనీ మెత్తటి రకం టైర్లు, కంపెనీ సూచించిన కొలతకు దగ్గరలో తీసుకోండి. బరువైన పెద్ద అల్లాయ్ చక్రాలు చూడటానికే బాగుంటాయి. ట్రాక్ మీద టైరు వేడెక్కి గాలి నాలుగైదు పీఎస్‌ఐ పెరుగుతుంది కాబట్టి సెషన్ నుంచి బయటికి రాగానే కొలిచి సరిచేసుకోవాలి, ఇంటికి బయల్దేరే ముందు మళ్లీ నింపుకోవాలి.

ఇప్పుడు శక్తి సంగతికి వద్దాం. టర్బో లేని ఇలాంటి ఇంజిన్‌కు హెడరూ, ఫ్రీ ఫ్లో సైలెన్సరూ వేస్తే శబ్దం చాలా పెరుగుతుంది, శక్తి పది హార్స్‌పవర్ కూడా పెరగడం కష్టం. దానికి బదులు ట్రాక్ రోజున స్టెప్నీ, జాకీ, వెనక సీటు, డిక్కీలోని సామాను తీసి పక్కన పెట్టండి. యాభై కిలోలు తగ్గితే బరువు ఐదు శాతం తగ్గినట్టు. త్వరణంలో అది ఐదు హార్స్‌పవర్‌తో సమానం, పైగా బ్రేకులకూ టైర్లకూ కూడా భారం తగ్గుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు, సాయంత్రం అన్నీ తిరిగి బిగించుకోవచ్చు. టర్బో అయితే ఈ ఇంజిన్ లోపలి భాగాలు, క్లచ్, గేర్‌బాక్స్, ఈసీయూ అన్నీ మార్చే పెద్ద పని. మూడు లక్షల్లో నమ్మకంగా అయ్యేది కాదు.

పెట్రోలు గురించి ఒక జాగ్రత్త. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. 2002 నాటి కారును దాని కోసం రూపొందించలేదు. పాత రబ్బరు ఇంధన గొట్టాలను మార్పించండి. మామూలుగా నడిపేటప్పుడు ఆక్సిజన్ సెన్సార్ చూసి ఈసీయూ మిశ్రమాన్ని సరిచేసుకుంటుంది కానీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ముందే రాసి ఉన్న లెక్క ప్రకారమే పెట్రోలు పోస్తుంది, అప్పుడు మిశ్రమంలో పెట్రోలు పాలు తగ్గి ఇంజిన్ వేడెక్కవచ్చు. ట్రాక్‌కు వెళ్లే ముందు ఒకసారి డైనో (కారును ఒకచోట నిలిపి శక్తిని కొలిచే యంత్రం) మీద, పొగను బట్టి మిశ్రమాన్ని చెప్పే వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టి మిశ్రమం కొలిపించడం తప్పనిసరి అని నా అభిప్రాయం.

చట్టం కూడా తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటనే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం ఒక్కొక్క మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. పైన నేను చెప్పిన ప్యాడ్లు, ఫ్లూయిడ్, షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు, టైర్లు అరిగిపోయిన వాటి స్థానంలో వేసే భాగాలే కనుక వాటితో ఈ చిక్కు లేదు. ల్యాపు సమయం తగ్గించేవి కూడా ముందుగా ఇవే. మీ కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు నిండాక ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి కాబట్టి 2027లో ఫిట్‌నెస్ పరీక్షకు వెళ్లినప్పుడు కారు దాని అసలు రూపంలో ఉండటం మీకే మంచిది. మామూలు బీమా పాలసీ వ్యవస్థీకృత పోటీలకు, వేగ పరీక్షలకు వర్తించదని పాలసీ కాగితంలోనే రాసి ఉంటుంది. ట్రాక్ మీద కారుకు జరిగే నష్టం మీదేనని తెలిసి వెళ్లండి.

హెల్మెట్ కొనేటప్పుడు మోటారు సైకిలుది కాకుండా కారు పోటీల కోసం మంటలను తట్టుకునేలా చేసిన స్నెల్ ఎస్‌ఏ ప్రమాణం ఉన్నది తీసుకోండి. రోల్ కేజ్ (కారు లోపల బిగించే ఇనుప గొట్టాల చట్రం) ఇప్పుడే వద్దు. హెల్మెట్ లేకుండా రోడ్డు మీద నడిపే కారులో ఆ ఇనుప గొట్టమే తలకు తగులుతుంది. మున్ముందు జాతీయ మోటారు క్రీడల సమాఖ్య లైసెన్సు తీసుకుని నిజమైన రేసుల్లోకి దిగాలనుకుంటే కేజ్, మంటలను తట్టుకునే దుస్తులు అన్నీ కావాలి, కానీ అప్పటికి అది ఆఫీసుకు వెళ్లే కారుగా ఉండదు. మీ మూడు లక్షల్లో మూడో వంతైనా ముట్టుకోకుండా ఉంచి ట్రాక్ రుసుములకు, శిక్షణకు వాడండి. పక్క సీట్లో అనుభవజ్ఞుడు కూర్చుని ఎక్కడ బ్రేకు వదలాలో చెప్పిన ఒక్క పూటలో తగ్గే సెకన్లు హెడర్‌తో తగ్గవు.

ప్రశ్న: మా స్నేహితులం నలుగురం పాత స్విఫ్ట్, పోలో కార్లు రీమ్యాప్ (శక్తి కోసం ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం) చేయించుకున్నాం. రాత్రి ఒంటిగంట దాటాక రింగ్ రోడ్డు ఖాళీగా ఉంటుంది. ఎవరికీ ఇబ్బంది లేకుండా అక్కడ పందెం వేసుకుంటే తప్పేమిటి? (ఒక పాఠకుడు, హైదరాబాద్)

జవాబు: తప్పే, బాబూ. గంటకు 160 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 44 మీటర్లు పోతుంది. ఎదురుగా ఏదో ఉందని గుర్తించి కాలు బ్రేకు మీదికి తేవడానికి సెకనున్నర పట్టినా, బ్రేకు పడకముందే 66 మీటర్లు దాటిపోతారు. లో బీమ్ వెలుగు మీకు స్పష్టంగా చూపించే దూరం సుమారుగా అంతే. 80లో ఆగడానికి పట్టే బ్రేకు దూరానికి 160లో నాలుగు రెట్లు పడుతుంది. వెనక లైట్లు వెలగని లారీ, పక్కకు ఆగిపోయిన ట్రాక్టరు, రోడ్డు దాటే కూలీలు మన రోడ్ల మీద ఏ రాత్రయినా ఉంటారు. రోడ్డు ఖాళీగా ఉందని మీకు అనిపించడం వాళ్లు మీకు కనిపించకపోవడం వల్లనే. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం మొదటిసారి మూడు నెలల వరకు జైలు గానీ 5,000 జరిమానా గానీ రెండూ గానీ ఉంటాయి. మళ్లీ పట్టుబడితే ఏడాది వరకు, 10,000 వరకు. నలుగురూ పెట్రోలుకు పెట్టే డబ్బు కలుపుకుంటే నెలకోసారి గో కార్టింగ్ ట్రాక్‌లో గంటసేపు నిజమైన పందెమే వేసుకోవచ్చు. బరువు ఎటు మారితే బండి ఎటు పోతుందో కార్ట్ నేర్పినంత బాగా ఏ కారూ నేర్పదు.

ప్రశ్న: నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉంటున్నాను. 1994 నాటి మాజ్దా మియాటా 1.8 (పైకప్పు మడిచే రెండు సీట్ల కారు) కొన్నాను. వారాంతాల్లో ఆటోక్రాస్ (ఖాళీ స్థలంలో శంకువుల మధ్య నడిపి సమయం కొలిచే పోటీ), తరువాత లగునా సెకా ట్రాక్ డే నా లక్ష్యం. టర్బో కిట్ చౌకగా దొరుకుతోంది, కొననా? (ఒక పాఠకుడు, ఫ్రీమాంట్)

జవాబు: కొనవద్దు. మీ రాష్ట్రంలో 1976 నుంచి వచ్చిన పెట్రోలు కార్లకు, మరీ కొత్తవి తప్ప, స్మాగ్ (పొగ కాలుష్య) పరీక్ష ఉంది. కాలిఫోర్నియా గాలి వనరుల మండలి అనుమతి సంఖ్య లేని టర్బోతో ఆ పరీక్ష నెగ్గదు. మీ కారు 128 హార్స్‌పవర్‌తో, టన్నుకు కాస్త పైన బరువుతో, నాలుగు చక్రాలకూ డబుల్ విష్‌బోన్ (ఒక్కో చక్రాన్ని రెండు ఆర్మ్‌లు పట్టుకునే) సస్పెన్షన్‌తో వచ్చింది. క్యాంబర్, కాస్టర్ (చక్రం ఒరిగే కోణం, స్టీరింగ్ అక్షం వాలే కోణం) రెండూ కంపెనీ బోల్టులతోనే సర్దుకోవచ్చు. మంచి అలైన్‌మెంట్ షాపులో గడిపిన ఒక గంట మీకు టర్బో కంటే ఎక్కువ ఇస్తుంది.

ఎస్‌సీసీఏ (అమెరికా స్పోర్ట్స్ కార్ క్లబ్) ఆటోక్రాస్ స్ట్రీట్ విభాగం నిబంధనలు మీ జేబుకు కూడా మేలు చేసేలా ఉన్నాయి. ట్రెడ్‌వేర్ (టైరు అరుగుదలను తట్టుకునే అంకె) 200 లేదా ఆ పైన ఉన్న టైర్లు, ఇష్టమైన షాక్ అబ్జార్బర్లు, బ్రేకు ప్యాడ్లు, ముందు గానీ వెనక గానీ ఒక యాంటీ రోల్ బార్ (మలుపులో కారు ఒరగడాన్ని తగ్గించే కడ్డీ), పొగను శుభ్రపరిచే కాటలిస్ట్ తరువాతి సైలెన్సర్ మార్చుకోవచ్చు. చక్రాల వెడల్పు మాత్రం మార్చకూడదు. మొదటి ఏడాది ఈ హద్దుల్లోనే ఉండండి. తోటివారి సమయాలతో మీ సమయం పోల్చుకోవడానికి ఇదే సరైన చోటు.

ట్రాక్ డే అనుకున్నప్పుడు మాత్రం టాప్ లేని కారు కనుక మొదటి ఖర్చు, బోల్తా పడితే తలను కాపాడే రోల్ బార్ మీదే పెట్టాలి. బార్ పై అంచు నుంచి విండ్‌షీల్డ్ పై అంచుకు ఒక కర్ర పెడితే హెల్మెట్ పెట్టుకున్న మీ తల దాని కింద ఉండాలి; పొడగరులైతే సీటు కిందికి దించవలసి ఉంటుంది. బార్ కొనడానికి ముందే ఇది కొలుచుకోండి. రేడియేటర్, గొట్టాలు ముప్పై ఏళ్లవైతే మార్చండి. లగునా సెకాలో శబ్దానికి కఠినమైన పరిమితి ఉంది, పెద్దగా మోగే సైలెన్సర్ వేస్తే ట్రాక్ మీది నుంచి పంపించివేస్తారు. పాతది ఉంచుకోవడమే నయం.

ప్రశ్న: వాడిన సెమీ స్లిక్ టైర్లు (గాడులు తక్కువగా ఉండే ట్రాక్ టైర్లు) ఒకరు సగం ధరకు ఇస్తామంటున్నారు. ట్రెడ్ బాగానే ఉంది. తీసుకోవచ్చా? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: ట్రెడ్ కంటే ముందు పక్క గోడ మీద తయారీ సంఖ్య చూడండి, అమ్మా. చివరి నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తరువాతి రెండూ సంవత్సరం. 2319 అని ఉంటే 2019లో ఇరవై మూడో వారం. ఇలాంటి మెత్తటి టైర్ల రబ్బరు వేడెక్కి చల్లారిన ప్రతిసారీ కొంత గట్టిపడుతుంది, ట్రెడ్ అలాగే ఉన్నా పట్టు పోతుంది. బొటనవేలి గోరు గట్టిగా నొక్కినా ముద్ర పడకపోయినా, గాళ్ల అడుగున సన్నని పగుళ్లు కనిపించినా సగం ధర కూడా ఎక్కువే. మూడేళ్లు దాటినవైతే నేను తీసుకోను. వర్షంలో వాటితో రోడ్డు ఎక్కవద్దు, వాటి గాళ్లు నీటిని తోసేయడానికి సరిపోవు.